ఎడమ చెంప మీది చీకటి

దయ చూపించడంలో మనవాళ్ళను మించినవాళ్ళు లేరు. ఎదుటి మనిషికి ఏది మంచిదో ఆ మనిషి నోరు తెరవకముందే మనం తేల్చేస్తాం. ఎందుకిలా చేశారని అడిగితే "నీ మంచి కోసమేనమ్మా" అంటాం, ఆపైన నొచ్చుకుంటాం కూడా. ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న డార్విన్‌లో రామానుజం పోయినప్పుడు మంగళ విషయంలో జరిగింది ఇదే. ఆ దయలో హఫీజా వాటా తక్కువేమీ కాదు.

రామానుజం, మంగళ కాకినాడవాళ్ళు. రెండువేల సంవత్సరం పుట్టగానే కంప్యూటర్లన్నీ తేదీ తెలియక తలకిందులవుతాయని లోకమంతా గగ్గోలు పెడుతున్న రోజులవి. పాత ప్రోగ్రాముల్లో ఆ తేదీలు సరిచేయడానికి ఒక ప్రభుత్వ ఆఫీసు రామానుజాన్ని కాంట్రాక్టు మీద పిలిపించుకుంది. సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో అయితే తెలుగు మాట ఎక్కడో ఒకచోట చెవిన పడేది. డార్విన్‌లో అప్పటికి మనవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. అందుకని, ప్రొద్దుటూరు నుంచి వచ్చి మసాలా దినుసుల కొట్టు పెట్టుకున్న ముఖ్తార్, అతని భార్య హఫీజా వీళ్ళకు సొంత మనుషులైపోయారు. హఫీజా పెద్దాసుపత్రి లాబ్‌లో టెక్నీషియను. తీరిక దొరికితే వెనక వరండాలో కూర్చుని రంగులు కలుపుతుంది. మంగళ ఆమెను నోరారా అక్కా అని పిలిచేది. రామానుజం ఆ బొమ్మలు చూసి, "ఇంతింత ఆకాశాలు వేస్తారు, కింద ఒక్క మనిషినైనా పెట్టరేంటండీ? అద్దెకి ఎవరూ దిగలేదా?" అని ఆటపట్టించేవాడు.

నవంబరులో డార్విన్‌కు ఒక చెడ్డ గుణం ఉంది. మధ్యాహ్నం నుంచే మబ్బుల్ని పోగేస్తుంది, ఆకాశమంతా రాగిరంగూ సీసంరంగూ పూస్తుంది, ఉరుముతుంది, తీరా ఒక్క చుక్క రాల్చదు. అలాంటి ఒక సాయంత్రం రామానుజం కొన్ని గంటల దూరంలో ఉన్న కేథరిన్ ఊళ్ళో ఆఫీసు పని ముగించుకుని కారులో తిరిగివస్తున్నాడు. వాలే సూర్యుడు కళ్ళలో కొడుతుండగా హైవేకు అడ్డంగా ఎద్దు వచ్చింది. కారు బోల్తా కొట్టింది. జేబులో ముఖ్తార్ కొట్టు కార్డు దొరికింది కాబట్టి పోలీసులు ముఖ్తార్‌కే ఫోన్ చేశారు.

మర్నాడు ఉదయం మనిషిని గుర్తుపట్టడానికి ఆసుపత్రి శవాల గదికి రమ్మంటే ముఖ్తార్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. హఫీజా అతని చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. కిటికీ లేని గది, ట్యూబులైటు, తెల్లటి గుడ్డ. గుడ్డ తొలగించారు. ముఖం కుడి భాగం అప్పుడే గడ్డం గీసుకుని కునుకు తీస్తున్నవాడిలా ఉంది. ఎడమ భాగం అలా లేదు. హఫీజాకు రక్తం కొత్త కాదు కానీ, లాబ్‌లో రక్తం సీసాల్లో ఉంటుంది, దానికి ముఖం ఉండదు. ముఖ్తార్ "ఇతనే" అని ఒక్క మాట అని గోడవైపు తిరిగిపోయాడు. ఆమె మాత్రం చూస్తూనే నిలబడింది. బొమ్మలు వేసే కళ్ళకు ఉన్న పాడు అలవాటు అది, చూడాల్సినదానికంటే ఎక్కువ చూస్తాయి.

మంగళకు అప్పుడు ఏడో నెల. ఊళ్ళో ఉన్న కొద్దిమంది తెలుగువాళ్ళకూ పెద్దదిక్కు శారదాంబ ఆంటీ. "కడుపుతో ఉన్న పిల్ల శవాన్ని చూడకూడదమ్మా. మామూలుగానే చూడనివ్వం. ఇక ఆ ముఖం చూసిందంటే తల్లీ బిడ్డా ఇద్దరూ మనకి దక్కరు," అంది ఆవిడ. అందరూ తలూపారు. హఫీజా కూడా ఊపింది. పెట్టెకు మూత బిగించేశారు. రామానుజం అన్నగారు విమానాలు మారి వచ్చి, మూసిన పెట్టెకే దండం పెట్టుకుని, జరపాల్సినవి జరిపించి వెళ్ళాడు. మంగళను ఆ రోజంతా శారదాంబ ఇంట్లో, కర్టెన్లు వేసిన గదిలో కూర్చోబెట్టి కంటికి రెప్పలా కాచుకున్నారు. గట్టిగా ఏడిస్తే కడుపులో బిడ్డ అదురుతుందని నోరారా ఏడవనివ్వలేదు కూడా.

అంతా అయ్యాక మంగళ హఫీజా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నువ్వు చూశావంట గదా. ఎలాగున్నారు?"

"పండుకోనున్నట్టే ఉండాడు మా. ఒక్క గీత కూడా పడలే. నువ్వు మనసు పాడు చేసుకోవద్దు."

అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో హఫీజాకే ఆశ్చర్యం వేసింది. మంగళ నమ్మిందో లేదో తెలియలేదు. ఆ మాట మీద మరి ఆమె ఏమీ అడగలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు.

కొత్త సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ తలకిందులు కాలేదు. విమానాలు ఎగిరాయి, బ్యాంకులు తెరిచారు, దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఇంత గోల చేసింది దీనికేనా అని టీవీలో ఎవరో నవ్వుతున్నారు. మంగళ నిండు పొట్ట మీద చేతులు పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

"ఏమీ జరగలేదంటున్నారక్కా. అంటే ఆయన వర్క్ కరెక్టుగా చేసినట్టే గదా?"

"అంతే గదా మా."

"ఇంక ప్రాజెక్టు అయిపోయినట్టే. కేథరిన్ తిరగక్కర్లేదు," అంది మంగళ, ఎవరికో సర్దిచెబుతున్నట్టు.

అప్పటి నుంచి హఫీజా ఆమెను కనిపెట్టి చూస్తూనే ఉంది. జనవరి చివర ఆడపిల్ల పుట్టింది. కాకినాడ నుంచి మంగళ తల్లి వచ్చి పురుడు చూసుకుంది. పిల్ల బాగుంది. మంగళ తింటోంది, నిద్రపోతోంది, అడిగినదానికి జవాబు చెబుతోంది. కానీ వీధిలో కారు ఆగిన చప్పుడైతే చాలు, పాలు తాగుతున్న పిల్లను అలాగే ఎత్తుకుని కిటికీ దగ్గరికి వెళుతుంది. పిల్లకు ఏం పేరు పెడదామంటే "ఉండండి, ఆయన్ని అడిగి" అని సగంలో నాలుక కరుచుకుంటుంది. మొగుడు పోయాడని ఆమెకు చెప్పినవాళ్ళే తప్ప చూపించినవాళ్ళు లేరు. ఆ మాట చెవిలో పడింది కానీ అక్కణ్ణించి లోపలికి దిగలేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మంగళ ఒంటరిగా హఫీజా ఇంటికి వచ్చింది.

"ఏప్రిల్లో అమ్మ నన్ను తీసుకెళ్ళిపోతోందక్కా. వెళ్ళేలోగా నాకొకటి చేసిపెట్టు. ఆయన ముఖం వెయ్యి."

"దానికేముంది మా, పెండ్లి ఫొటో ఇయ్యి..."

"ఫొటో కాదు. నవ్వే ఫొటోలు నా దగ్గర బోలెడున్నాయి. ఆ రోజు నువ్వు చూశావే, ఆ ముఖం. అందరికీ కడసారి చూపు దక్కుతుంది, నాకు దక్కలేదు. చూడకుండా వెళ్ళిపోయాననుకో, ఆయన ఇక్కడే డార్విన్లో ఉన్నారు, జాబ్ చేసుకుంటున్నారు, అని అనుకుంటానక్కా. అక్కడ కూర్చుని బతికినన్నాళ్ళూ ఆయన కోసం ఎదురుచూస్తాను. నా సంగతి నాకు తెలుసు, నేను అదే చేస్తాను."

హఫీజా ముఖాలు వెయ్యనని చెప్పొచ్చు. అది నిజం కూడా. గోడ మీద ముఖం ఉన్న గదిలో నమాజు చేయరని పుట్టింట్లో పద్ధతి, మెట్టినింట్లోనూ అదే. అందుకే ఆమె వేసేవన్నీ ఆకాశాలు, సముద్రాలు. యూనివర్సిటీలో సాయంత్రం క్లాసులకు వెళ్ళినప్పుడు చెయ్యి తిరగడానికి గీసిన ముఖాలు కొన్ని అట్టల మధ్య పడి ఉన్నాయి, అంతే. ఇవన్నీ చెప్పి తప్పించుకోవచ్చు. కానీ మంగళ ముఖం చూశాక ఆమె నోటి నుంచి "సరే మా" అనే వచ్చింది.

ఆ క్లాసుల సంగతి కొంచెం చెప్పాలి. కిందటేడు జోన్ అనే పెద్దావిడ రొమాంటిక్ యుగం చిత్రకారుల గురించి పాఠాలు చెప్పింది. గది చీకటి చేసి గోడ మీద స్లయిడ్లు వేసేది. రెండు వందల ఏళ్ళ కిందటి యూరప్ వాళ్ళ బొమ్మలు అవి. ఓడ మునుగుతుంటే సముద్రమంతటినీ నల్లగా ముంచి, ఒక్క అల మీద మాత్రం పచ్చటి వెలుగు కుమ్మరించేవారు. చెయ్యెత్తి పిలిచే మనిషి సరిగ్గా ఆ అలలోనే ఉంటాడు. యుద్ధం వేస్తే పొగనూ గుర్రాలనూ బూడిద రంగులో అణిచిపెట్టి, పడిపోయిన సైనికుడి నడికట్టుకు ఎరుపు మిగిల్చేవారు. చుట్టూ చచ్చిన రంగులు కాబట్టి ఆ జానెడు ఎరుపు మండిపోతుంది. "ఈ వెలుగు సూర్యుడిది కాదు, గమనించండి," అనేది జోన్. "సూర్యుడు అటు ఉంటే నీడ ఇటు పడాలి. వీళ్ళకు ఆ లెక్క పట్టదు. మీ గుండె ఎక్కడ ఆగాలో అక్కడ వెలుగు వేస్తారు." మరి అంత చీకటి ఎందుకని ఎవరో అడిగారు. "చీకట్లో చిత్రకారుడు ఏమీ వెయ్యడు. అక్కడ వేసుకునేది మీరు. అందుకే భయం వేస్తుంది," అంది ఆవిడ. హఫీజా ఆ మాట బాగుందనుకుంది. బాగుందనుకున్న మాటలన్నీ అర్థమైనట్టు కాదు.

ముఖ్తార్‌తో చెప్పి, ముఖాలు వెయ్యడం గురించి అంటాడేమోనని ఆమె కాచుకుని కూర్చుంది. అతను ఆ ఊసే ఎత్తలేదు.

"ఎడమ పక్క చూపియ్యొద్దు హఫీజా. ఆ పిల్ల తట్టుకోలేదు. నేనే తట్టుకోలేకుండా ఉండా," అన్నాడు. ఆ ఉదయం నుంచి అతను హైవే మీదికి కారు తీయలేదు.

"ఎట్ల చూపిస్తాననుకున్యావ్?" అంది హఫీజా.

చూపించకుండా ఎలా చూపించాలో ఆమెకు తెలుసు. వెలుగు ఎక్కడ వెయ్యాలో నేర్చుకున్న చేతికి ఎక్కడ ఆపాలో కూడా తెలుస్తుంది. కుడి చెంప మీద వెలుగు, ఎడమ చెంప మీద చీకటి. నిజం చెప్పినట్టూ ఉండదు, అబద్ధం చెప్పినట్టూ ఉండదు. పాతకాలం చిత్రకారులు బెదరగొట్టడానికి వాడిన చీకటిని తను జాలి కోసం వాడుతున్నానని ఆమె కొంచెం మురిసిపోయింది కూడా.

పని వెనక వరండాలోనే మొదలైంది. కాన్వాసంతా మట్టిరంగు పూసి, అది ఆరకముందే గుడ్డతో తుడుస్తూ వెలుగు చోట్లు తీసింది. నుదురు వచ్చింది, మూసిన కన్ను వచ్చింది, పెదవి వచ్చింది. కుడి పక్కకు ట్యూబులైటు వద్దనుకుంది, అది ఎవరినైనా ఆస్పత్రి సామానులా చూపిస్తుంది. నవంబరు మబ్బుల కింద నుంచి జారే రాగిరంగు వెలుగును తెచ్చి ఆ చెంప మీద పోసింది. ఆ వెలుగు వెచ్చగా తగలాలని గుడ్డ మడతల నీడల్లో చల్లటి నీలం పెట్టింది. ఆ మనిషి మెల్లగా కాన్వాసు మీదికి వస్తున్నాడు.

కానీ సగం ముఖం వెయ్యడం ఆమెకు చేతకాలేదు. ఎడమ పక్క ఎముక ఎటు పోయిందో తేలకపోతే కుడి పక్క వెలుగు ఎక్కడ ఆగాలో కుదరడం లేదు. ఎన్నిసార్లు చెరిపి వేసినా అతికించిన బొమ్మలా ఉంటోంది. ఆఖరికి తెగించి మొత్తం వేసింది, ఆ తెల్లటి గదిలో చూసింది చూసినట్టు. వేస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. రేకుల మీద వాన దబదబా పడుతుండటం వల్ల ఆ ఏడుపు ముఖ్తార్‌కు వినబడలేదు. వారాల తరబడి దాన్ని ఆరనిచ్చి, మార్చి చివర మంగళ వస్తానన్న ముందురోజు, నల్లగోధుమ రంగును నూనెలో కలిపి ఎడమ చెంప మీద చిక్కటి పూత పూసేసింది.

ఆ సాయంత్రమే శారదాంబ ఆంటీ కొట్టుకు వచ్చి, పనిలో పనిగా ఇంటికీ వచ్చి బొమ్మ చూసి వెళ్ళింది. "బంగారంలాంటి పని చేశావమ్మాయ్. ఎక్కడా ఏమీ కనపడనివ్వలేదు," అని హఫీజా తల నిమిరింది.

మంగళ మర్నాడు మధ్యాహ్నం పిల్లతో వచ్చింది. ముఖ్తార్ పిల్లను అందుకుని ముందుగదిలోకి తీసుకెళ్ళాడు. వరండాలో హఫీజా బొమ్మ మీది దుప్పటి తొలగించింది.

మంగళ కాసేపు నిలబడే చూసింది. తర్వాత కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చుంది.

"ఆయనే," అంది. "ఆయనే అక్కా. నిద్రలో కూడా ఇలాగే కనుబొమ్మ ముడేసుకుంటారు." నుదుటిని, ముక్కును, పెదవులను కళ్ళతో తడిమింది. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. హఫీజా మనసు కుదుటపడింది. మంచి పనే చేశాననుకుంది.

అప్పుడు మంగళ చూపు వెలుగు దాటి అవతలికి వెళ్ళింది. వెళ్ళింది వెళ్ళినట్టే అక్కడ ఆగిపోయింది.

"ఆ గదిలో ఇంత చీకటుందా అక్కా?"

"లేదు మా. ట్యూబులైటు ఉండె."

"మరి ఇటుపక్క నీకు కనపడలేదా?"

హఫీజా కింద పడిన దుప్పటి తీసి మడతపెట్టసాగింది.

"ఒక్క గీత కూడా పడలేదన్నావు. గీత పడని ముఖానికి మూత ఎందుకు బిగిస్తారక్కా? నాకంత బుర్ర లేదనుకున్నారు మీరంతా." మంగళ గొంతు పెంచలేదు. "ఆంటీ వాళ్ళింట్లో కర్టెన్లు వేసి కూర్చోబెట్టారు చూడు, అప్పట్నించీ నేను ఆయన ముఖం ఊహించుకుంటానే ఉన్నాను. ఒక రోజు కళ్ళుండవు. ఒక రోజు అసలు ముఖమే ఉండదు. ఒక రోజు అది ఆయన కానే కాదు, ఎవరినో పెట్టెలో పెట్టి నన్ను మోసం చేశారు అనుకుంటాను. ఆ రోజే నాకు హాయిగా ఉంటుంది, తెలుసా? నువ్వొక్కదానివైనా ఉన్నది ఉన్నట్టు చూపిస్తావనుకున్నాను. నువ్వు కూడా నాకు చీకటే ఇచ్చావు."

హఫీజా సిగ్గుతో చితికిపోయింది. జాలి అనుకుని తను పూసిన రంగు, మంగళను ఇన్ని నెలలుగా తరుముతున్నదేనని ఆమెకు అప్పుడు తెలిసివచ్చింది. ఎవరూ చూడనివ్వని మనిషికే ఆ చీకట్లో మళ్ళీ బొమ్మ వేసుకునే పని అప్పజెప్పింది. తన చేతిపనిని చూసి మురిసిపోయినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"కింద ఉండాది మా," అంది చివరికి. "అంతా వేసినా. ఎట్లుండాడో అట్లే వేసినా. వేసి దాని మింద నలుపు పూసినా. కిందది ఆరిపోయింది, పైది ఇంకా పచ్చిగానే ఉంది. తుడిస్తే పోతాది."

"అయితే తుడువు."

"చూడలేవు మంగళా."

"నువ్వు చూశావు. ముఖ్తార్ బావగారు చూశారు. పోలీసోళ్ళు చూశారు. నేను ఆయన పెళ్ళాన్నక్కా."

హఫీజా శుభ్రమైన గుడ్డ తీసి టర్పెంటైనులో తడిపింది. తడిపింది కానీ చెయ్యి పైకి లేవలేదు. మంగళ లేచి ఆ గుడ్డ ఆమె చేతిలోంచి తీసుకుంది.

"ఎలాగ తుడవాలి?"

"మెల్లగ. రుద్దొద్దు. నుదురు కాన్నుంచి కిందికి."

మంగళ నుదుటి దగ్గర మొదలుపెట్టింది. గుడ్డ నల్లబడింది. మడత మార్చి మళ్ళీ తుడిచింది. చెంప ఎముక బయటపడింది, అది ఉండాల్సిన చోట లేదు. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగి, తిరిగి కదిలింది. హఫీజా ఇంకో గుడ్డ తడిపి అందించింది. తమలో పోయినవాళ్ళకు సొంతవాళ్ళే స్నానం చేయిస్తారు. మంగళ వాళ్ళలోనూ చేయిస్తారు. ఆ చెంబెడు నీళ్ళు పోసే హక్కు కూడా ఈ పిల్లకు లేకుండా చేశాం కదా అని హఫీజా కుమిలిపోయింది. మంగళ దవడ దాకా వచ్చింది. చెవి కింద మిగిలిన నలుపును గుడ్డ కొసతో, నొప్పి పుడుతుందేమో అన్నట్టు, అద్ది తీసింది. అప్పుడు ఒక అడుగు వెనక్కి వేసింది.

గాయం గాయంలాగే ఉంది. అంతకంటే ఎక్కువ లేదు. దాని మీద రాగిరంగు మెరుపులు లేవు, ఉరిమే ఆకాశం లేదు, ఏ హంగూ లేని తెల్లటి వెలుగు మాత్రం ఉంది. మంగళ రెండు పక్కలనూ కలిపి, ఒకే ముఖంగా, చాలాసేపు చూసింది.

"అంతేనా?" అంది.

"అంతే మా."

"నొప్పి తెలిసుంటుందా?"

"తెలిసుండదని డాక్టరు చెప్పినాడు. నాకు తెలిసింది అంతవరకే."

మంగళ చెయ్యి చాచి ఆ ఎడమ చెంప మీద అరచెయ్యి ఆనించింది.

"పోయారక్కా," అంది. "మా ఆయన పోయారు."

అప్పుడు వచ్చింది ఏడుపు. నెలల తరబడి ఎవరూ రానివ్వని ఏడుపు, పేరు పెట్టి పిలుస్తూ, గుండెలు బాదుకుంటూ, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కంచెల దగ్గరికి వచ్చి చూసేంత పెద్దగా వచ్చింది. ముందుగదిలో పిల్ల ఉలిక్కిపడి లేచి తనూ అందుకుంది. ముఖ్తార్ పిల్లను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగాడు. తుడిచిన బొమ్మను చూశాడు.

"ఊరుకో మంగళా, ఊరుకోమ్మా," అంటూ ముందుకు రాబోయాడు.

హఫీజా అడ్డంగా వెళ్ళి అతని భుజం పట్టుకుని ఆపేసింది.

"ఏడ్చనీ," అంది.